పిట్ట వాటా

తెనాలిలో తేలిన పని

ఊళ్లు చూడాలని నేనెప్పుడూ గడప దాటలేదు. ఏదో పని మీద వెళ్తే దారిలో ఊళ్లు ఎదురొచ్చాయి, అంతే. ఈ ప్రయాణమూ అలాంటిదే. మట్టల ఆదివారం దగ్గర పడింది. ఆ రోజు మా చర్చిలో పిల్లా పెద్దా ఈత మట్టలు చేతబట్టి, పాటలు పాడుకుంటూ వీధి వెంట ఊరేగింపుగా వెళ్తాం. ఏటా మట్టలు తెచ్చిచ్చే మనిషి ఈసారి మోకాళ్ల నొప్పులంటూ చేతులెత్తేశాడు. స్త్రీల సమాజం మీటింగులో "మరి ఎవరు తెస్తారమ్మా?" అని అడిగేసరికి అందరూ తలలెత్తి ఫ్యాను వంక చూశారు. నేను మాత్రం చేతిలో ఉన్న గారె వంక చూస్తున్నాను. దాంతో పని నా మీద పడింది.

"తెల్లగా లేతగా ఉంటుంది చూడు, ఆ మొవ్వాకు తీసుకురా. శిలువలు చెయ్యడానికి బాగా వంగుతుంది" అని కూడా చెప్పి పంపారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

నాకు తోడు మా వదిన సువార్తమ్మ వచ్చింది. వదినంటే మా ఆయనకు అక్క. నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆవిడ మాత్రం ప్రార్థన నుంచీ వంట నుంచీ పోట్లాట నుంచీ ఇంకా రిటైరు కాలేదు. దేవుడంటే ఎంత నమ్మకమో తీతువు పిట్టంటే అంత భయం ఆవిడకి. మా మామగారు పోయిన రోజు సాయంత్రం ఇంటి మీదుగా తీతువు అరుచుకుంటూ వెళ్లిందట. అప్పట్నుంచి ఆ కూత వినపడితే చాలు, రెండు చెవులూ మూసుకుని కీర్తన అందుకుంటుంది. తీతువు కూస్తే చావు కబురేనన్న నమ్మకం మనలో చాలామందికి ఉన్నదే. కాకపోతే మా వదిన పాస్టరుగారికి తెలియకుండా నమ్ముతుంది.

పొద్దున్నే పాసింజరు ఎక్కాం. తెనాలి దాటితే అంతా పొలమే. వరి కోసిన చోట మొక్కజొన్న, మొక్కజొన్న లేని చోట మినుము. చేను గట్టు మీద కూడా ఎవరో ఒకరు కంది వేసేసి ఉంటారు. మా వైపు జానెడు నేల ఊరికే పడి ఉంటే చూసి ఓర్చుకోలేం. పనీపాటా లేకుండా అత్తారింట్లో కూర్చున్న అల్లుణ్ని చూసినట్టు చూస్తాం. కిటికీ పక్క సీటు వదిన తీసుకుంది కాబట్టి ఈ సంగతులన్నీ నేను ఆవిడ భుజం మీదుగా చూసి రాస్తున్నాను.

బాపట్ల: తేగలకు ఆలస్యం, ముంజలకు తొందర

బాపట్ల స్టేషను బయట టిఫిను చేశాం. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. మా వీధి చివర బండి మీద కంటే ఐదు రూపాయలు ఎక్కువ. అల్లం పచ్చడి మాత్రం పది రూపాయలు ఎక్కువ బాగుంది. రెండోసారి పచ్చడి అడిగితే మా ఊళ్లో సర్వరు మన మొహం వంక ఒకలా చూస్తాడు. ఇక్కడాయన గిన్నె తెచ్చి మా మధ్య పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఒక్క పనితో బాపట్ల నాకు నచ్చేసింది.

తేగలు తినాలని వదిన కోరిక. రోడ్డు పక్కన తాటి బెల్లం అమ్ముతున్న ఆమెను అడిగాం.

"తేగలైపోయి నెల దాటిందండి."

"పోనీ ముంజలు?"

"వాటికింకా నెల పడతదండి. మీరు మధ్యలో వచ్చారు" అంటూ నవ్వింది. అటు తేగలకు ఆలస్యం, ఇటు ముంజలకు తొందర. మా ప్రయాణాలెప్పుడూ ఇలాగే ఉంటాయి.

ఇంతదాకా వచ్చి సముద్రం చూడకపోతే ఎలాగని సూర్యలంక వెళ్లాం. వదిన పాదాలు తడుపుకుని, చెప్పులు ఒక అలకు సమర్పించుకుని, కొత్తవి కొనిపించుకుంది. నూట యాభై రూపాయలు. బేరమాడబోతే అమ్మేవాడు వదిన వట్టి కాళ్ల వంక చూసి ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

అక్కడే, సందర్శకుల కోసం కట్టిన గుడిసెల దగ్గర, ఒక పెద్దాయన కప్పు వేస్తూ కనపడ్డాడు. మా చిన్నప్పటి గడ్డి ఇళ్లు అన్నీ డాబాలైపోయాక, ఇప్పుడు డబ్బున్నవాళ్లు రోజుకు వేలిచ్చి గడ్డి కప్పు కింద పడుకుంటున్నారు. కాలం భలే తమాషాలు చేస్తుంది. ఆయన వేస్తున్న గడ్డి బంగారు రంగులో, పొడుగ్గా, ఒక్క పోచ కూడా విరగకుండా ఉంది.

"ఇంత మంచి గడ్డి ఎక్కడిది బాబాయిగారూ?" అని అడిగాను.

"రేపల్లె దారిలో ఓ బీడుందమ్మా. ఆడోళ్లే కోసి పంపుతారు."

"అక్కడ ఈత చెట్లున్నాయా?"

"కావలసినన్ని. నాగేంద్రమ్మని అడగండి. కాకపోతే ఆ మనిషితో కాస్త జాగ్రత్త. గట్టి పిండం" అన్నాడు.

వదిన కొత్త చెప్పులు సవరించుకుంది. గట్టి మనుషులంటే ఆవిడకు ఉత్సాహం.

బీడు

రేపల్లె బస్సు ఎక్కి దారిలో ఒకచోట దిగి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లాం. దిగిన చోటు పేరు, ఊరి పేరు రాయను. "పేరు రాస్తే ఆదివారాలు కార్లేసుకుని వచ్చేస్తారండి, బిర్యానీ పొట్లాలు పారేసి పోతారు" అని నాగేంద్రమ్మ ముందే నా దగ్గర మాట తీసుకుంది.

దారి పొడుగునా రొయ్యల చెరువులే. నీళ్లు చిలుకుతూ తిరిగే ఏరేటర్లు, నల్లటి గట్లు, గట్ల మీద ఒక్క పచ్చటి ఆకు లేదు. ఆ చెరువులు అయిపోయాక ఆటో ఒక ఇసక మెరక ముందు ఆగింది. ఇంక చక్రం దిగబడుతుంది, నడవండి అన్నాడు ఆటో అబ్బాయి. సంచులు పట్టుకుని మెరక ఎక్కాం.

ఎక్కి, ఇద్దరం అలాగే నిలబడిపోయాం.

అటు సముద్రం దాకా గడ్డి. మోకాలెత్తు, కొన్నిచోట్ల నడుమెత్తు. ఎండిన గడ్డి మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడి నేలంతా పసుపు ఆరబోసినట్టుంది. మధ్య మధ్యలో, ఒకదానికొకటి దూరంగా, తాటి చెట్లు. వాటి కింద గుబురు గుబురుగా ఈత పొదలు. సముద్రం మీంచి గాలి వచ్చినప్పుడల్లా గడ్డి ఆ చివర వంగి, ఆ వంపు మా కాళ్ల దాకా నడిచి వచ్చి ఆగుతోంది. పైన ఎక్కడో కనపడనంత ఎత్తులో ఒక చిన్న పిట్ట ఆపకుండా పాడుతోంది. ఎంత వెతికినా పిట్ట దొరకలేదు, పాట మాత్రం మా మీద కురుస్తూనే ఉంది.

నేను కాన్పుల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని. పుట్టుకా చావూ రెండూ చూశాను. అయినా ఇంత నేలను ఎవరూ దున్నకుండా, ఎవరూ కంచె వెయ్యకుండా చూడటం నా బతుకులో అదే మొదటిసారి. కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో ఇప్పటికీ చెప్పలేను.

వదిన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివర దాకా చూసింది.

"ఇంత నేలలో ఎవరూ ఏమీ వెయ్యలేదేంటే కరుణా?"

తెనాలి మనిషి కదా!

బెల్లం కరిగేదాకా

నాగేంద్రమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త పడవ మీద వేటకు వెళ్తాడు. ఆమె ఎండు చేపలు అమ్ముతుంది, గడ్డి కోసే ఆడవాళ్లందరికీ పెద్ద. మమ్మల్ని చూడగానే ఈత చాప పరిచి, మంచినీళ్లూ చెరో తాటిబెల్లం ముక్కా ఇచ్చింది. మా ఇళ్లలో ఎవరైనా వస్తే కాఫీ చేతికిచ్చి, గ్లాసు ఖాళీ అవకముందే "ఏం పని మీద వచ్చారు?" అంటాం. ఇక్కడ నోట్లో బెల్లం కరిగేదాకా పని మాట ఎత్తకూడదట. కొరకడమూ మర్యాద కాదట. వదిన మూడు నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంది. మా ఇంట్లో ఈ ఆచారం ఎలా ప్రవేశపెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకని, బెల్లం కరగ్గానే మొవ్వాకు కావాలని అడిగేశాను.

"మొవ్వాకు ఇవ్వనండి" అంది నాగేంద్రమ్మ.

"డబ్బులిస్తామమ్మా, ఊరికే కాదు" అంది వదిన.

"మొవ్వు కోస్తే చెట్టు చచ్చిపోద్దండి. మీకది ఒక్క ఆదివారం. మాకు చీపుళ్లూ చాపలూ అన్నీ అదే. కింద మట్టలు కోసుకోండి, చెట్టుకి రెండే. అదీ ఎదిగిన చెట్టుకే."

"చెట్టుకి నాలుగు."

"రెండండి."

"మూడు. దేవుడి పనమ్మా."

"దేవుడైతే ఒకటి చాలంటాడండి" అంది నాగేంద్రమ్మ. వదిన నాకేసి తిరిగి, మనిషి బాగుందే అన్నట్టు కళ్లెగరేసింది. బేరం రెండు దగ్గర తెగింది. ఎండ ముదిరిందని, మర్నాడు కోసుకుని వెళ్లమని, మమ్మల్ని ఆ పూటకు ఉండమంది.

మధ్యాహ్నం మెత్తళ్లు మామిడికాయ పులుసు. మెత్తళ్లంటే వేలెడంత చేపలు, ముల్లు తియ్యనక్కర్లేదు, తల కూడా వదలనక్కర్లేదు. మేమూ చేస్తాం, కాని మా పులుసులో చేప వచ్చేసరికి దాని చురుకు చచ్చిపోయి ఉంటుంది. ఇక్కడ పొద్దున సముద్రంలో ఉన్నది మధ్యాహ్నం కంచంలో ఉంది. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. నర్సుగా నలుగురికీ చెప్పే మితాహారం సంగతి ఆ పూటకు పక్కన పెట్టాను.

తిన్నాక ఆ బీడు సంగతి చెప్పింది. ఒకప్పుడు ఎవరికి తోచినప్పుడు వాళ్లు కోసేవాళ్లట. జీవాలను ఎక్కడ పడితే అక్కడ వదిలేవాళ్లు. గడ్డి పలచబడి, గాలికి ఇసక లేచి ఇళ్లలోకి, అన్నంలోకి వచ్చేదట. పక్కన చెరువులు తవ్వాక బావి నీళ్లు ఉప్పు తిరిగాయి. అప్పుడు గంగమ్మ గుడి వీధి ఆడవాళ్లూ చర్చి వీధి ఆడవాళ్లూ ఒకచోట కూర్చున్నారు. ఒక పక్క కోత, ఒక పక్క మేత, ఒక పక్క విడుపు. ఏటేటా పక్కలు మారతాయి. గడ్డి మళ్లీ ఒత్తుగా వచ్చింది. కప్పుగడ్డి, చీపుళ్లు, చాపలు, తాటిబెల్లం, గొర్రెలు. వీటి మీదే ఇప్పుడు ఊళ్లో సగం పొయ్యిలు వెలుగుతున్నాయి.

"ఇంకో వాటా కూడా ఉందండి, పిట్ట వాటా. అది రేపు మీరే చూస్తారు" అంది.

ఆ రేపే ఆమెకు గుబులు. ఈ బీడు సర్కారు లెక్కల్లో ఖాళీ నేలట. కొందరు చెరువులకు అడుగుతున్నారు. ఇంకొందరు మంచి మనసుతోనే, ఎడారిలా పడి ఉంది, సరుగుడు మొక్కలు నాటుదాం అంటున్నారు. సరుగుడు పెరిగితే కింద గడ్డి పోచ మొలవదు. మర్నాడు పొద్దున ఒక ఆఫీసరు నేల చూడ్డానికి వస్తున్నాడు. ఖాళీగా ఉందని ఆయన చెప్తే, ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది.

"పోతే ఏం చేస్తారు?" అన్నాను.

నాగేంద్రమ్మ రెండు చేతులూ నా ముందు చాపింది. ఈ బీడు బాగుపడక ముందు ఆమె రొయ్యల షెడ్డులో వలుపుడు పనికి వెళ్లేది. పొద్దస్తమానం ఐసులో చేతులు. వేళ్ల చివర్లు పగిలి పగిలి, చర్మం గట్టిపడి, ఆ మచ్చలు ఇంకా పోలేదు. ఇలాంటి చేతులు నేను ఆసుపత్రిలో చూశాను. మందు రాసి పంపేవాళ్లం, మళ్లీ అదే పనికి వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు.

"మళ్లీ అక్కడికేనండి. ఇంకెక్కడికి పోతాం?" అంది.

సాయంత్రం తగువు

పొద్దు వాలే వేళకు నాగేంద్రమ్మ మరిది సాంబయ్య వచ్చాడు. గొర్రెలు కాస్తాడు. గొంతు పెద్దది, మనసు మంచిది.

"వదినా, నా మాట ఇను. తెల్లారేసరికి అందరం దిగి మిగిలిన గడ్డంతా కోసి మోపులేసేద్దాం. ఆఫీసరొచ్చేసరికి ఎటు చూసినా మోపులే ఉండాలి. నిలబడ్డ గడ్డి చూత్తే ఖాళీ అనే అంటాడు."

"తాడు లాగి పిట్టల్ని చూడకుండా కొడవలి పెట్టేది లేదు" అంది నాగేంద్రమ్మ.

"ఒక్క ఏడాది పిట్టల సంగతి వదిలెయ్ వదినా. నేలే పోతే ఆటి వాటా ఎక్కడ పెడతావ్?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లలో కొందరు సాంబయ్య వైపు తల ఊపారు. నాకూ అతని మాటే సబబనిపించింది, దాచుకోవడం దేనికి. నాగేంద్రమ్మ కింద పడ్డ గడ్డి పోచ తీసి వేలికి చుట్టుకుంది.

"పెట్టిన మాట మనమే తప్పితే ఇంక అతనికేం చూపిత్తాం సాంబయ్యా? మోపులా? మోపులు చెరువు గట్టు మీద కూడా ఏత్తారు" అంది చివరకు.

సరిగ్గా అప్పుడు బీడు మీంచి తీతువు కూసింది. ఒకటి కూస్తే ఇంకొకటి అందుకుంది. వదిన రెండు చెవులూ మూసుకుని కీర్తన ఎత్తుకుంది. అంత వేడి తగువులోనూ అందరూ ఫక్కుమన్నారు.

"అది మా కావలి పిట్టండి. పామొచ్చినా నక్కొచ్చినా ముందు అదే చెప్తది" అంది నాగేంద్రమ్మ.

"పిట్ట కొంచెం, కూత ఘనం. నాకొద్దమ్మా దాని కావలి" అంటూ వదిన నా సంచిలోంచి దూది తీయించుకుని రెండు చెవుల్లో కుక్కుకుంది. మర్నాడు పొద్దున కూడా ఆ దూది తియ్యలేదు. మీకు నవ్వొస్తుందేమో గాని, ఆ దూదికి మేమందరం రుణపడిపోయాం.

తాడు లాగుడు

తెల్లవారి ఎండ పూర్తిగా పడకముందే ఆడవాళ్లు బీడులో దిగారు. పాత వల తాడు, చాలా పొడుగుది. ఈ కుటుంబాలు తరతరాలుగా ఒడ్డున నిలబడి రెండు పక్కలా తాళ్లు పట్టి పెద్ద వలను లాగినవాళ్లు. అదే తీరుగా ఇక్కడ గడ్డి మీద తాడు లాగుతారు. ఆ చివర కొందరు, ఈ చివర కొందరు, అదే అడుగు, అదే "హైలెస్సా". తాడు గడ్డి తలలు రాసుకుంటూ పోతుంది. కింద గుడ్ల మీద పొదిగే పిట్ట ఉంటే లేస్తుంది. అది లేచిన చోట ఒక ఈనె గుచ్చి, దానికి తాటాకు ముడి వేస్తారు. ఆ ముడి చుట్టూ గుండ్రంగా గడ్డి వదిలేస్తారు. అక్కడ పిల్లలు లేచి వెళ్లేదాకా కొడవలి పోదు, గొర్రె రాదు. అదే పిట్ట వాటా.

తాడు కదిలీ కదలగానే ఆఫీసరు మోటారు సైకిలు మీద వచ్చేశాడు. అనుకున్న వేళ కంటే ముందే. కుర్రవాడు, మర్యాదస్తుడు. మెరక మీద నిలబడి చుట్టూ చూశాడు.

"అంతా ఖాళీగానే ఉందేంటమ్మా?"

సాంబయ్య నాగేంద్రమ్మ వంక చూశాడు. నేను చెప్పలేదా అన్నట్టు. ఆమె గబగబా నడిచి వెళ్లి తాడు చివర ఆయన చేతిలో పెట్టింది.

"ఒక్క చాలు మాతో నడవండి సార్. ఆ తర్వాత ఖాళీ అంటే ఖాళీయే."

ఆయన ప్యాంటు మడిచి నడిచాడు. నేనూ తాడు పట్టుకున్నాను. కాసేపు ఏమీ లేవలేదు. ఉన్నట్టుండి తాడు ముందు గడ్డి పేలినట్టయింది. పూరేడు పిట్టలు, బుర్రుమని ఒకదాని వెనక ఒకటి. ఇంకో నాలుగడుగులకు నిన్న కనపడకుండా పాడిన చిన్న పిట్ట నా కాళ్ల దగ్గర్నుంచే లేచి, నిట్టనిలువుగా పైకి పోతూ పాట మొదలుపెట్టింది. ఓ కుందేలు తాడు మీంచి దూకింది. ఎటు చూసినా రెక్కలే. ఇన్ని ప్రాణాలు ఆ గడ్డి కింద ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయని ఎవరు అనుకుంటారు? నాకు చేతులు జోడించాలనిపించింది గాని తాడు పట్టుకుని ఉన్నాను. ఆఫీసరు ప్రతి పిట్టకూ "అదుగో, అదుగో" అని అరుస్తున్నాడు, తను ఆఫీసరన్న సంగతి మర్చిపోయి.

గడ్డి పలచగా ఉన్న ఒక ఇసక చోటికి వచ్చేసరికి నా ముందు ఒక తీతువు రెక్క ఈడ్చుకుంటూ కుంటుతోంది. రెక్క విరిగింది! నాలో నర్సు లేచింది. తాడు వదిలేసి, కొంగు చేత పట్టుకుని దాని వెనక పరుగెత్తాను. అది పడుతూ లేస్తూ పోతోంది, నేను "ఉండమ్మా, ఉండు తల్లీ" అంటూ వెంటపడుతున్నాను. వెనక ఆడవాళ్లు ఏదో కేకలేస్తున్నారు. చివరికి అది చక్కగా రెండు రెక్కలూ చాపి లేచి వెళ్లిపోయింది, నేను వెళ్లి ఈత పొదలో పడ్డాను. గుడ్ల దగ్గర్నుంచి మనల్ని దూరంగా తీసుకుపోవడానికి అది వేసే వేషమట! నర్సునే మోసం చేసిన రోగిని అదే చూడటం.

నన్ను లేపడానికి ఆఫీసరు పరుగున బయలుదేరాడు.

"ఆగు బాబూ! అడుగెయ్యకు!"

ఆ కేక మా వదినది. చర్చిలో మైకు పాడైనప్పుడు పాడే గొంతు. ఆఫీసరు ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయాడు. ఆయన బూటు కింద, వట్టి ఇసకలో, నాలుగు గుడ్లు. మట్టి రంగు మీద నల్ల మచ్చలు. గూడు లేదు, పుల్ల లేదు, చిన్న గుంట, అంతే. చూస్తున్నా కనపడవు. అందరూ ఆకాశం వంక చూస్తుంటే, పాపిష్టి పిట్ట మొహం చూడకూడదని చెవుల్లో దూదితో తల వంచుకుని నడుస్తున్న మా వదినకు తప్ప ఇంకెవరికీ కనపడలేదు.

ఆయన మెల్లగా కాలు వెనక్కి తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైన తీతువులు రెండూ గింగిరాలు తిరుగుతూ మా అందరినీ తిడుతున్నాయి.

"ఖాళీ అనుకున్నాను" అన్నాడు ఆయన. తరువాత, "ఇంకా ఎంత దూరం లాగాలి తాడు?" అని అడిగాడు. ఆఖరి చాలు దాకా ఉన్నాడు.

ఆ గుడ్ల దగ్గర ఈనె గుచ్చి తాటాకు ముడి వేసింది మా వదిన. ముడి సరిగా పడలేదని నాగేంద్రమ్మ మళ్లీ వెయ్యబోతే చెయ్యి తోసేసి తనే వేసింది.

వెళ్లేటప్పుడు నాగేంద్రమ్మ ఆయన్ని అడిగింది. "ఏం చెప్తారు సార్ మా గురించి?"

"చూసింది చెప్తానమ్మా. ఆ పైన పెద్దవాళ్లిష్టం" అన్నాడు. అంతకు మించి మాట ఇవ్వలేదు. ఆమె కూడా అడగలేదు.

రేపల్లె బండి

మట్టలు మూడు మోపులయ్యాయి. రేపల్లె స్టేషనులో తెనాలి బండి ఎక్కించడానికి పోర్టరు రెండు వందలు అడిగితే, వదిన తనే ఒక మోపు నెత్తిన పెట్టుకుని నడిచింది. పెట్టెలో మట్టలు గుచ్చుకుంటున్నాయని ఒకాయన విసుక్కున్నాడు. నాగేంద్రమ్మ ఇచ్చిన ఎండు మెత్తళ్ల వాసనకు ఇంకో ఆయన సీటు మారాడు. దాంతో మాకు చోటు బాగా దొరికింది. నేను పిన్నీసుతో అరచేతిలో ఈత ముళ్లు తీసుకుంటూ కూర్చున్నాను.

కిటికీ బయట మళ్లీ మా పొలాలు. గట్టు మీద కందితో సహా. వదిన ఎప్పటిలా వాటి గురించి ఏమీ అనలేదు. సగం దూరం వచ్చాక చెవుల్లో దూది తీసి, "పాపం, నేల మీదే పెట్టుకుందే" అంది.

మట్టల ఆదివారం నాడు చర్చిలో గొణుగుడు తప్పలేదు. ముదురు మట్టలు, పైగా తక్కువ. ఇంటికి ఒకటి వచ్చింది. శిలువ చెయ్యబోతే ఆకు విరిగింది. "మొవ్వాకు ఎందుకు తేలేదు?" అని అడిగిన వాళ్లందర్నీ వదిన చర్చి మెట్ల మీదే నిలబెట్టి గడ్డి పెట్టింది. చెట్టును చంపి దేవుడికి ఊపుతారా అంది. వచ్చే ఏడు ముదురు మట్టలే అని అక్కడికక్కడే తీర్మానమైపోయింది.

ఈస్టరు వెళ్లాక ఒక సాయంత్రం నాగేంద్రమ్మ ఫోను చేసింది. ఆఫీసరు మళ్లీ వచ్చాడట, ఈసారి తన పైవాళ్లను వెంటబెట్టుకుని. వాళ్ల చేతికీ తాడు ఇచ్చారట. చెరువుల మాటా సరుగుడు మాటా ఆపారు, ఈ ఏటికి బీడు బీడుగానే ఉంటుంది. పై ఏడు సంగతి ఇంకా తేలలేదు. "ఈ ఏడైతే షెడ్డుకి పోనక్కర్లేదండి" అని రెండుసార్లు చెప్పింది.

"మీ వదినగారికి చెప్పండి, ఆ నాలుగూ పిల్లలయ్యాయి. పొద్దున గడ్డిలోకి నడిచెళ్లిపోయాయి. ఇదుగో, ఇప్పుడు అక్కడే నిలబడ్డాను, వినండి" అంటూ ఫోను బీడు వైపు పెట్టింది.

తీతువు కూత. నేను ఉలిక్కిపడి ఫోను పక్కకు తిప్పబోయాను. పక్కనే ఉన్న వదిన నా చేతిలోంచి తీసుకుంది. స్పీకరు పెట్టింది. మా మామగారి ఫొటో కింద బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ కూత మా ఇల్లంతా నిండిపోయింది.

"పెట్టెయ్యమంటారా అండి?" అంది కాసేపటికి నాగేంద్రమ్మ.

"ఉండమ్మా," అంది మా వదిన, "ఇంకాసేపు అరవనీ."